సీటు మార్చటానికి 42 వేలు ఇస్తాం, తప్పెక్కడుందో చూసినందుకు 150 ఇవ్వటానికి ఏడుస్తాం



ఇన్నాళ్ళూ ఈ పేజీలో మిరప, పత్తి, బోర్లు, స్టార్టర్ల గురించే రాస్తూ వచ్చాను. ఈ రోజు కారు సీటు గురించి రాస్తున్నా. "రైతుకి కారు సీటు గొడవెందుకయ్యా" అని నవ్వకండి. చివరిదాకా చదవండి, ఇది తిరిగి తిరిగి మన బోరు దగ్గరికే వస్తుంది. పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి.

మా బావమరిది రెండేళ్ళ కిందట ఒక పాత కారు కొన్నాడు. షోకు కోసం కాదు. మా అత్తయ్యకి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి టౌనుకి తీసుకెళ్ళాల్సి వస్తోంది. ప్రతిసారీ బండి మాట్లాడుకుంటే వచ్చే కూలి, పాడి డబ్బులు దానికే పోతున్నాయి. అందుకని అప్పో సప్పో చేసి కొన్నాడు. ఆ కారులో డ్రైవరు సీటు కరెంటుది. పక్కన స్విచ్చు నొక్కితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పైకీ కిందికీ లేస్తుంది, వీపు వాలుతుంది.

ఒక రోజు పెళ్ళికి వాళ్ళ చుట్టాల కుర్రాడు కారు తీసుకెళ్ళాడు. వాడు ఆరడుగుల మనిషి. సీటు పూర్తిగా వెనక్కి జరుపుకుని నడిపాడు. తెచ్చి ఇచ్చిన మర్నాడు సీటు ముందుకు రాలేదు. మా బావమరిది పొట్టివాడు. బ్రేకు పూర్తిగా తొక్కాలంటే సీటు అంచుకి జారాలి. ఏం చేశాడంటే, వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకుని అత్తయ్యని ఎక్కించుకుని టౌనుకి పోయొచ్చాడు! రెండోసారి పోబోతుంటే నేను చూసి తాళాలు లాక్కున్నాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ దిండు నలిగి కాలు అందకపోతే లోపల ముసలామె ఉంది, రోడ్డు మీద ఎవరెవరో ఉంటారు.

సరే, టౌనులో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఫ్యూజు చూశారు, బాగానే ఉంది. సీటు కింద కప్లర్ పీకి మీటరు పెట్టారు, 12 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తోంది సార్, మోటార్లు పోయాయి. ఇవి విడిగా దొరకవు, కింద ఫ్రేముతో సహా వేసుకోవాలి. 42 వేలు అవుతుంది" అన్నారు. అది కౌలు కట్టాల్సిన నెల. పాపం, వాడు బర్రెని అమ్ముదామా అనే దాకా వెళ్ళాడు.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ సీటులో మోటారు ఒకటి కాదు, మూడు ఉన్నాయి. ముందుకీ వెనక్కీ జరపటానికి ఒకటి, పైకి లేపటానికి ఒకటి, వీపు వాల్చటానికి ఒకటి. ఆ రోజు మూడూ పనిచెయ్యలేదు. మన పొలంలో మూడు బోర్లుంటే మూడు మోటార్లూ ఒకే రాత్రి కాలిపోతాయా? మూడూ ఆగాయంటే మోటార్ల మీద అనుమానం తరవాత సంగతి. ముందు ట్రాన్స్‌ఫార్మర్ చూస్తాం, లైను చూస్తాం. ఈ మాత్రం ఆలోచన ఆ షాపులో ఎవరికీ రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. ఎందుకు ఆ దారిలో పోలేదో తరవాత చెప్తాను.

ఇంకో సంగతి. "ఒక్క రోజులో ఆగిందా, అంతకు ముందు ఏమన్నా తేడా ఉందా" అని నేను మా బావమరిదిని అడిగా. "నెల రోజుల నుంచి నీరసంగా జరుగుతోంది బావా. ఇంజను ఆన్‌లో ఉంటే కాస్త నయం, ఆపి ఉంటే మరీ నెమ్మది" అన్నాడు. అంతకు ముందు వానల్లో బురద కాళ్ళతో ఎక్కీ దిగీ లోపలంతా పాడైతే, వాటర్ సర్వీసులో పైపు పెట్టి కార్పెట్ కూడా కడిగించాడట. అప్పటి నుంచి లోపల ముక్క వాసన కూడా వస్తోందట. షాపులో ఈ సంగతి వాళ్ళు అడగలేదు, వీడు చెప్పలేదు.

మా ఊరి రోడ్డు మీద ఆటోలకీ, ట్రాక్టర్లకీ వైరింగ్ చేసే కుర్రాడు ఒకడున్నాడు. రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకి నాలుగు పానాలు, అంతే వాడి షాపు. వాడిని పిలిపించా. వాడు వచ్చి ముందు సీటు జోలికి పోలేదు. స్విచ్చు నొక్కి చెవి పెట్టి విన్నాడు. మూడు వైపులా నొక్కి చూశాడు. తరవాత అడిగాడు: "బాబాయ్, నెమ్మదిగా అయ్యి ఆగిందా, టక్కున ఆగిందా?" నేను అడిగిన ప్రశ్నే. అప్పుడే వాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

వాడు చేసిన పని వరసగా చెప్తాను. ఇది మీకూ పనికొస్తుంది.

మొదట బ్యాటరీ చూశాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.5 ఉంది. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ 12.6 దరిదాపుల్లో ఉండాలి, కాబట్టి పర్వాలేదు. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దాటింది. అంటే ఆల్టర్నేటరు కూడా బాగానే ఉంది. ఇంజను ఆన్‌లో ఉంటే సీటు కాస్త నయంగా జరిగిందంటే కారణం ఈ ఒకటిన్నర వోల్టు ఎక్కువే. కరెంటు ఎక్కడో దారిలో తగ్గిపోతోందేమో అని ఆ గుర్తుతో అనుమానించొచ్చు.

తరవాత ఇంజను ఆపి, తాళం తీసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పేశాడు. "ఎందుకురా, 12 వోల్టులేగా, షాక్ కొట్టదుగా" అన్నా. "షాక్‌కి కాదు బాబాయ్, సీటు కింద పసుపు కప్లర్ చూడు" అన్నాడు. దయచేసి ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉండే బండ్లలో దాని వైర్లు, కొన్నిట్లో సీటు బెల్టు బిగించే పరికరం వైర్లు సీటు కిందే ఉంటాయి. వాటి కప్లర్లు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి. వాటిలో మీటరు గుచ్చకూడదు, లైటు పెట్టకూడదు. పొరపాటున పేలితే మొహం మీదే పేలుతుంది. మైనస్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగి, మిగతా కప్లర్ మాత్రమే పీకాలి. వాడు నా చేత పది నిమిషాలు ఆగించాడు.

సీటు కప్లర్ పీకాక మళ్ళీ బ్యాటరీ తగిలించాడు, తాళం మాత్రం పెట్టలేదు. ఈ బండిలో తాళం లేకపోయినా సీటు వైరులో కరెంటు ఉంటుంది. పసుపు కప్లర్ జోలికి ఎలాగూ పోలేదు.

కప్లర్‌లో లావు వైర్లు రెండు. ఒకటి కరెంటు తెచ్చేది, రెండోది తిరిగి ఎర్తుకి పోయేది. రెంటి మధ్య మీటరు పెట్టాడు. 12.4 వోల్టులు! షాపు వాళ్ళు చెప్పింది నిజమే. మా బావమరిది మొహం వాడిపోయింది. "చూశావా బావా, మోటార్లే" అన్నాడు.

ఆ కుర్రాడు నవ్వి, సంచిలోంచి టెస్ట్ ల్యాంపు తీశాడు. ఏం లేదు, ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అతికించింది. మీటరు పెట్టిన రెండు చోట్లే దాన్ని పెట్టాడు. బల్బు వెలిగింది కానీ ఎలా వెలిగింది? నూనె అయిపోయిన దీపంలా ఎర్రగా, గుడ్డిగా.

ఇదే అసలు కిటుకు. మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ అసలు నిజం చెప్పలేదు. మన డ్రిప్పు పైపు తీసుకోండి. ఫిల్టరు సగం పూడుకుపోయింది. చివర గేటు మూసేసి గేజి చూస్తే ప్రెషరు పూర్తిగా చూపిస్తుంది. గేటు తెరవండి, నీళ్ళు చుక్కలు చుక్కలుగా వస్తాయి. మీటరు దాదాపు కరెంటు లాక్కోదు, గేటు మూసి గేజి చూసినట్టు. వెంట్రుకంత తీగ మిగిలున్నా అది 12 చూపిస్తుంది. బల్బు కరెంటు లాగుతుంది, ఆ 21 వాట్ల బల్బు సుమారు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. సీటు మోటారు అంతకంటే ఎన్నో రెట్లు లాగుతుంది. దారిలో ఎక్కడో అర ఓమ్ అడ్డం ఉందనుకోండి. మోటారు 8 ఆంపియర్లు లాగితే ఆ అడ్డం దగ్గరే 4 వోల్టులు తినేస్తుంది. మోటారుకి మిగిలేది 8. అది మూలుగుతుంది, జరగదు. మన సీటులో అడ్డం అంతకంటే చాలా పెద్దది, బల్బుకే కరెంటు చాలలేదు.

సరే, అడ్డం ఎటువైపు? తెచ్చే వైపా, పోయే వైపా? దీనికీ వాడు మీటరు వాడలేదు. బల్బు ఒక వైరు కరెంటు తెచ్చే దానికే ఉంచి, రెండో వైరు తలుపు దగ్గర రంగు లేని శుభ్రమైన ఇనుము మీద పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. అంతే! తెచ్చే వైపు శుభ్రంగా ఉంది. పోయే దారి పూడుకుపోయింది. ఎర్తు పోయింది.

పొలానికి నీళ్ళు ఎంత పెట్టినా మురుగు కాలవ పూడిపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? కరెంటు కూడా అంతే. వచ్చిన దారి ఎంత ముఖ్యమో పోయే దారీ అంతే ముఖ్యం. కానీ అందరం ఎర్ర వైరు చూస్తాం, నల్ల వైరు వంక చూడం.

తలుపు మెట్టు దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ పైకెత్తాడు. కింద దూది ఇంకా తడిగానే ఉంది. వాటర్ సర్వీసులో పట్టిన నీళ్ళు. ఆ తడిలో ఒక బోల్టు. దాని కిందే సీటు నల్ల వైరు థింబుల్ వేసి బిగించి ఉంది. ఆ థింబుల్ పచ్చగా చిలుము పట్టి, బోల్టు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచింది. 10 నంబరు పానాతో విప్పుతుంటే థింబుల్ చేతిలోనే విరిగింది.

పాత ముక్క కత్తిరించి, వైరు లోపల మెరిసే రాగి వచ్చే దాకా వెనక్కి ఒలిచి, కొత్త థింబుల్ నొక్కాడు. కింద ఇనుము ఎమరీ కాగితంతో తెల్లగా రుద్దాడు. బోల్టు కొత్తది వేసి బిగించి పైన కాస్త వాజలైన్ రాశాడు, తడి తగలకుండా. కప్లర్ పెట్టే ముందు మళ్ళీ బ్యాటరీ విప్పి, పెట్టాక తగిలించాడు. స్విచ్చు నొక్కితే సీటు సర్రున ముందుకు వచ్చింది. మా బావమరిది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబద్ధం కాదు.

అక్కడితో కథ అయిపోతే నేను ఈ పోస్టు రాసేవాడిని కాదు.

"ఎంతరా" అన్నా. "150 ఇవ్వండి బాబాయ్" అన్నాడు. గంటన్నర పని. అప్పుడు మా బావమరిది నోటి నుంచి వచ్చిన మాట వినండి: "ఒక్క బోల్టు బిగించినందుకు 150 ఏంటి?"

42 వేలకి బర్రెని అమ్ముదామనుకున్న మనిషే ఆ మాట అన్నాడు. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, తల వంచుకుని పానాలు సంచిలో వేసుకుంటున్నాడు. వాడికి ఇలాంటివి అలవాటే అని చూస్తేనే తెలుస్తోంది. నాకు సిగ్గేసింది. 500 ఇప్పించాను. కానీ రాత్రి పడుకున్నాక, వాడిని తిట్టే అర్హత నాకు ఉందా అని ఆలోచన వచ్చింది. ఎందుకంటే నేనూ అదే పని చేశాను, ఇంకా ఎక్కువ నష్టానికి.

కొన్నేళ్ళ కిందట మిరప పూత మీద ఉండగా మా ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ కాలింది. పైపులు పైకి తీయించి, రీవైండింగ్ చేయించి, మళ్ళీ దింపించా. 11 రోజులకి మళ్ళీ కాలింది. వైండింగ్ వాడిని నానా బూతులూ తిట్టా, రాగి నాసిరకం వేశావని. వాడు మళ్ళీ చుట్టి ఇచ్చాడు. ఈసారి దింపేటప్పుడు పక్క ఊరి పెద్దాయన ఒకాయన, పాతకాలం లైను పని తెలిసినాయన, టాంగ్ టెస్టర్ తెచ్చి మూడు వైర్లకీ వేసి చూశాడు. రెండు ఫేజుల్లో 11 చూపిస్తోంది, మూడో దాంట్లో 6. స్టార్టరు డబ్బా తెరిస్తే మూడో ఫేజు కాంటాక్టు పాయింటు కాలి గుంటలు పడి ఉంది. ఒక ఫేజు నీరసంగా ఉంటే ఆ బరువంతా మిగతా రెండు మోస్తాయి. మోయలేక వైండింగ్ కాలుతుంది. తప్పు రాగిది కాదు, రీవైండింగ్ వాడిదీ కాదు. కాంటాక్టు సెట్టు మార్చితే అయిపోయింది.

ఆ పెద్దాయనకి నేనేమిచ్చానో చెప్పనా? టీ ఇచ్చాను. "ఏముంది, ఊరికే చూశాడు కదా" అనుకున్నా. రెండుసార్లు రీవైండింగ్‌కీ, పైపులు తీసి దింపినందుకూ వేలకి వేలు లెక్కపెట్టి ఇచ్చిన చేత్తోనే, అసలు రోగం కనిపెట్టిన మనిషికి టీ ఇచ్చాను. రెండు వారాలు నీళ్ళు లేక పూత ఎంత రాలిందో ఇప్పుడు చెప్పుకుని లాభం లేదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. సామాను మార్చేసే మెకానిక్‌ని తయారు చేసింది మనమే.

చూడండి. ఒక మెకానిక్ రెండు గంటలు కూర్చుని, వైరు వైరూ వెతికి, ఒక బోల్టు దగ్గర తప్పు పట్టుకున్నాడు. వాడికి 150 వస్తే గొప్ప. అదే వాడు పది నిమిషాల్లో "మోటారు పోయింది" అని కొత్తది వేస్తే, సామాను మీద కమిషను వస్తుంది, బిగించినందుకు కూలి వస్తుంది, మనం నోరు మెదపకుండా ఇస్తాం. చేతిలో కొత్త వస్తువు కనపడితే మనకి డబ్బులిచ్చిన తృప్తి. చూసిన పని కంటికి కనపడదు, కాబట్టి దానికి విలువ లేదు. మరి ఏ మెకానిక్ అయినా ఏ దారి పడతాడు? వాడికీ పిల్లలున్నారు, షెడ్డు అద్దె ఉంది.

షాపుల వైపు కూడా ఒక న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. కొత్త ఫ్రేము వేస్తే వాళ్ళు గ్యారంటీ ఇవ్వగలరు. పాత వైరుకి థింబుల్ కొట్టి ఇస్తే రేపు ఇంకో చోట తెగితే మనమే పోయి గొడవ పెడతాం, "మొన్ననే చేయించా కదా" అని. బయట పది బండ్లు లైనులో ఉంటాయి. ఇదంతా నిజమే. అయినా మూడు మోటార్లూ ఒకేసారి పోయాయని చెప్పే ముందు ఒక బల్బు పెట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. అది చెయ్యకుండా 42 వేలు చెప్పటం మాత్రం తప్పే. బల్బు పెట్టి చూసి చెప్పి ఉంటే నాకు కోపం లేదు.

ఇంకో మాట. అన్ని బండ్లూ ఇంత తేలిక కాదు. ఎవరెవరు ఎంత దూరం జరుపుకున్నారో గుర్తుపెట్టుకునే సీట్లు కొన్ని బండ్లలో ఉన్నాయి. వాటికి లోపల చిన్న కంప్యూటరు లాంటిది ఉంటుంది. అక్కడ బల్బు పెట్టి గెలకకూడదు, స్కానరు ఉన్నవాళ్ళ దగ్గరికే పోవాలి. వారంటీలో ఉన్న బండినీ మనం విప్పకూడదు. "పోస్టు చదివా, నేనే విప్పేస్తా" అని ఎవరూ బయల్దేరకండి. విప్పటం కోసం కాదు నేను రాసింది, అడగటం కోసం.

ఏం అడగాలో తెలియాలంటే కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. మామూలు సీట్లకి ఇవి సరిపోతాయి:

1. ఏ వైపూ కదలకపోతే, చాలావరకు మోటారు కాదు. ఫ్యూజు, కరెంటు తెచ్చే వైరు, ఎర్తు, కప్లర్, ఈ నాలుగూ ముందు చూడాలి.

2. ఒక పని మాత్రమే జరగకపోతే, మిగతావి జరుగుతుంటే, ఫ్యూజూ ఎర్తూ చాలావరకు బాగున్నట్టే. ఆ పనికి చెందిన స్విచ్చు, వైరు, మోటారు చూడాలి. ఆ మోటారుకి ఫ్యూజు ఉన్న వైర్లతో నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూస్తే తిరుగుతుందా లేదా తేలిపోతుంది.

3. ముందుకి పోతుంది, వెనక్కి రాదు అంటే చాలావరకు స్విచ్చే. ఎందుకంటే ఆ మోటారు అవే రెండు వైర్ల మీద ప్లస్సూ మైనసూ తారుమారు చేస్తే రెండు వైపులా తిరుగుతుంది. ఒకవైపు తిరిగిన మోటారుని పోయిందని ఎలా అంటాం?

4. మోటారు శబ్దం వస్తోంది కానీ సీటు కదలదు అంటే, చాలావరకు కరెంటు రోగం కాదు. పట్టాల్లో నాణెమో, పిల్లల బొమ్మో, పెన్నో ఇరుక్కుని ఉంటుంది, లేదా పళ్ళచక్రం అరిగి ఉంటుంది. టార్చిలైటు వేసి చూడండి ముందు.

5. నీరసంగా జరుగుతూ పోయి ఆగితే, దారిలో అడ్డం ఉంది, లేదా పట్టాల్లో గ్రీజు ఎండిపోయింది. టక్కున ఆగితే ఫ్యూజు, తెగిన వైరు.

6. పిల్లలు స్విచ్చు నొక్కి ఆడుకున్నాక ఆగితే, కాసేపు ఆగి చూడండి. చాలా మోటార్లలో వేడెక్కితే తానే ఆగి, చల్లారాక మళ్ళీ పనిచేసే ఏర్పాటు ఉంటుంది.

7. సీటు ఒక చోట పనిచేసి ఇంకో చోట ఆగుతుంటే, సీటుతో పాటు కదిలే వైరు ఎక్కడో రాసుకుని తెగుతోంది. ఎలక కొరుకుడు కూడా మర్చిపోకండి. గడ్డివాము పక్కన బండి పెట్టే మనకి అది మామూలే.

ఫ్యూజు గురించి ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే మన పల్లెల్లో ఇది పెద్ద జబ్బు. ఫ్యూజు పోతే అదే నంబరుది వెయ్యాలి. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. 20 పోయిందని 30 వెయ్యటం, లేకపోతే సిగరెట్టు రేకు చుట్టటం, మోటారు షెడ్డులో లావు తీగ వేసినట్టు వెయ్యటం చెయ్యకండి. ఫ్యూజు ఉన్నది మోటారుని కాపాడటానికి కాదు, వైరు కాలకుండా ఆపటానికి. సీటు కింద వైరు కాలితే పైన ఉన్నది స్పాంజి, ఆ పైన ఉన్నది మనిషి. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్ళీ పోయిందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అది మొత్తుకుంటోంది. దాని నోరు మూయించకూడదు.

ఇక నేను ఈ మధ్య పాటిస్తున్న పద్ధతి చెప్తాను. ట్రాక్టరు కానీ, బోరు కానీ, స్ప్రేయరు కానీ, కారు కానీ, ఏది పాడైనా మెకానిక్‌తో ముందే మాట్లాడుకుంటున్నా. "బాబూ, తప్పు ఎక్కడుందో కనిపెట్టినందుకు ఇంత ఇస్తా. సామాను మార్చాల్సి వచ్చినా, రాకపోయినా ఇస్తా" అని. మా దగ్గర చిన్న పనికి 300, పెద్ద దానికి 500 అనుకుంటున్నా. ఒకసారి చెప్పి చూడండి, మనిషి పనిచేసే తీరే మారిపోతుంది. తొందరపడడు. కూర్చుని చూస్తాడు. చూసినందుకే డబ్బులొస్తుంటే మార్చాలన్న తాపత్రయం వాడికెందుకు?

ఆ తరవాత సామాను మార్చాలంటే ఒకే ఒక్క మాట అడుగుతా: "ఇదే పోయిందని ఎలా తేల్చావు?" గొంతు పెంచి కాదు, నేర్చుకోవటానికి అడిగినట్టు. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు, ఇదిగో బల్బు ఇక్కడ వెలిగింది, ఇక్కడ వెలగలేదు అని. "నాకు తెలుసులే, నువ్వు సామాను తెచ్చుకో" అన్నాడంటే ఇంకొకరికి చూపించుకుంటా. మార్చిన పాత సామాను నాకే ఇవ్వమంటా. జరిగింది కూడా ముందే వివరంగా చెప్తా: ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, వాన పడిందా, కడిగించామా, ఎవరన్నా విప్పారా. డాక్టరు దగ్గర ఎన్ని రోజుల నుంచి జ్వరం అని చెప్పమా? మెకానిక్ దగ్గర మాత్రం తాళాలు చేతిలో పెట్టి "చూడు" అని టీ తాగటానికి పోతాం.

కొందరు అంటారు, మేము చూసినందుకు 300 ఇచ్చాక వాడు తప్పు కనిపెట్టలేకపోతే మా 300 గంగలో కలిసినట్టేగా అని. అవును, ఒక్కోసారి కలుస్తుంది. నాకూ ఒకసారి కలిసింది. కానీ మందు చల్లినప్పుడల్లా పురుగు చస్తుందా? అయినా ముందు పురుగు ఏదో చూడకుండా కొట్టు వాడు ఇచ్చిన నాలుగు మందులూ కలిపి కొడితే ఎంత పోతుందో మనకి తెలుసు. 300 పోగొట్టుకున్న రోజులు కొన్ని ఉన్నా, 42 వేలు మిగిలిన రోజు ఒక్కటి చాలు లెక్క సరిపోవటానికి.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఆ రేకుల షెడ్డు కుర్రాడు రేపు ఆ షెడ్డు మూసేసి హైదరాబాదులో ఏదో కూలి పనికి పోతే, మన ఊళ్ళో బల్బు పెట్టి చూసేవాడు ఎవడు మిగులుతాడు? అర్ధరాత్రి స్టార్టరు కొట్టుకుంటుంటే ఎవడు వస్తాడు? చేతిలో పని, తలలో ఆలోచన రెండూ ఉన్నవాడిని 150 దగ్గర బేరమాడి ఊరు దాటిస్తున్నాం. ఆ తరవాత టౌనులో వేలకి వేలు కట్టి, "ఈ రోజుల్లో నిజాయితీ గల మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు" అని రచ్చబండ మీద నిట్టూరుస్తాం.

మా బావమరిది ఇప్పుడు సీటు ముందుకు జరుపుకుని, బ్రేకు మీద పూర్తిగా కాలు ఆనించి అత్తయ్యని తీసుకెళ్తున్నాడు. కార్పెట్ రెండు రోజులు ఎండలో వేసి ఆరబెట్టాం, ముక్క వాసన కూడా పోయింది. మొన్న వాడి మోటారు సైకిలు హారన్ మోగకపోతే ఆ కుర్రాడి దగ్గరికే పోయి, వాడు అడగకముందే "చూసినందుకు ఎంత" అని అడిగాడట. ఈ మాట ఆ కుర్రాడే వచ్చి నాకు చెప్పాడు నవ్వుతూ.

మీ ఊళ్ళో కూడా ఇలా చూసి, ఆలోచించి పనిచేసే చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి కలిసినప్పుడు టీతో సరిపెట్టకండి.

ఉంటాను. ఈ రోజు మోటారు కరెంటు రాత్రి పన్నెండింటికట, పొలం పోవాలి.